అమెరికాలో వెనకబడ్డ పేటల్లో పెట్టుబడికి స్టేట్ టాక్స్ క్రెడిట్లు: మనవాళ్లు ఎక్కడ మొదలుపెట్టాలి, ఏం చూసుకోవాలి

వీకెండ్ పార్టీల్లో ఈ మధ్య ఒక మాట బాగా వినిపిస్తోంది: "పేద ఏరియాలో బిల్డింగ్ కొంటే స్టేట్ వాళ్లు 39 శాతం వెనక్కిస్తారట." సగం నిజం. 39 శాతం క్రెడిట్ అనేది ఉంది, పేద ఏరియా షరతూ ఉంది, కానీ ఆ క్రెడిట్ బిల్డింగ్ కొన్న మీ టాక్స్ రిటర్న్‌లోకి రాదు. అది ఇంకెవరికో వెళ్తుంది, వాళ్ల ద్వారా మీకు చవకగా డబ్బు వస్తుంది. ఈ తేడా అర్థం కాక కొందరు ముందే బిల్డింగ్ కొనేసి తర్వాత సీపీఏ (లైసెన్సున్న అకౌంటెంట్) దగ్గరికి వెళ్తారు, అప్పటికి చేయడానికి పెద్దగా ఏమీ మిగలదు.

అందుకే ఈ గైడ్ రాస్తున్నా. మోటెల్, క్లినిక్, రెస్టారెంట్, చిన్న ఫ్యాక్టరీ నడిపేవాళ్లకి ఎక్కువ పనికొస్తుంది. జీతం మీద బతికే సాఫ్ట్‌వేర్ వాళ్లకి కూడా ఒక దారి ఉంది, అది చివర్లో చెప్తా, వాళ్లు కావాలంటే నేరుగా ఎనిమిదో మెట్టుకి వెళ్లిపోవచ్చు.

ముందు ఒక చిన్న విషయం. క్రెడిట్ వేరు, డిడక్షన్ వేరు. డిడక్షన్ మీ ఆదాయాన్ని తగ్గిస్తుంది, క్రెడిట్ కట్టాల్సిన టాక్స్‌నే తగ్గిస్తుంది. మన దగ్గర రాష్ట్ర విభజన తర్వాత వెనకబడిన జిల్లాలకి కేంద్రం ఇచ్చింది డిడక్షన్ రకం: ఆదాయపన్ను చట్టం 32ఏడీ సెక్షన్ కింద, 2015 ఏప్రిల్ 1 నుంచి 2020 మార్చి 31 లోపు కొత్త మెషినరీ పెట్టినవాళ్లకి దాని ఖరీదులో 15 శాతం అదనపు అలవెన్స్. ఆంధ్రలో రాయలసీమ, ఉత్తరాంధ్ర కలిపి ఏడు జిల్లాలకి, తెలంగాణలో హైదరాబాద్ తప్ప పాత జిల్లాలన్నిటికీ అది వర్తించింది. అక్కడ ఫ్యాక్టరీ పెట్టినవాడే నేరుగా లెక్కలో చూపించుకున్నాడు. అమెరికా స్టేట్ క్రెడిట్లు అంత సూటిగా ఉండవు.

మొదటి మెట్టు: మీ కుర్చీ ఏదో తేల్చుకోండి

ఈ వ్యవహారంలో మూడు కుర్చీలుంటాయి. మొదటిది ఇన్వెస్టర్ కుర్చీ. ఇందులో కూర్చునేది ఎక్కువగా ఇన్సూరెన్స్ కంపెనీలు, బ్యాంకులు, ఎందుకంటే చాలా రాష్ట్రాలు ఈ క్రెడిట్‌ని ఇన్సూరెన్స్ ప్రీమియం టాక్స్ మీదో, బ్యాంకులు కట్టే టాక్స్ మీదో వాడుకోనిస్తాయి. నెవాడాని తీసుకుంటే అక్కడ అది ప్రీమియం టాక్స్‌కే, మీకూ నాకూ ఆ టాక్సే లేదు. రెండోది వ్యాపారి కుర్చీ: వెనకబడ్డ పేటలో వ్యాపారం ఉండి, దానికి పెట్టుబడి కావాల్సినవాళ్లు. వీళ్లకి క్రెడిట్ రాదు, అప్పు వస్తుంది, మార్కెట్ కంటే మెత్తటి షరతుల మీద. మూడోది దాత కుర్చీ: ఆ పేటల్లో పనిచేసే, రాష్ట్రం గుర్తించిన సంస్థలకి విరాళం ఇచ్చి, అందులో సగమో ముప్పాతికో తమ స్టేట్ టాక్స్‌లో తగ్గించుకునేవాళ్లు.

మనవాళ్లలో తొంభై శాతం మంది రెండో కుర్చీకో మూడో కుర్చీకో చెందినవాళ్లే అని నా అభిప్రాయం. కానీ అందరూ చదివేది మొదటి కుర్చీ గురించి రాసిన వ్యాసాలు. గందరగోళం అక్కడే మొదలవుతుంది.

రెండో మెట్టు: అడ్రస్ పనికొస్తుందో లేదో చూడండి

ఇది పదిహేను నిమిషాల పని, పైసా ఖర్చు లేదు. అయినా చాలామంది ఇది చేయకుండానే లాయర్‌కి ఫోన్ చేస్తారు.

అమెరికా మొత్తాన్ని సెన్సస్ వాళ్లు చిన్న చిన్న ట్రాక్ట్‌లుగా విడగొట్టారు. ప్రతి ట్రాక్ట్‌కి 11 అంకెల నంబర్ ఉంటుంది. మొదటి రెండూ రాష్ట్రం, తర్వాతి మూడూ కౌంటీ, మిగతా ఆరూ ట్రాక్ట్. షికాగోలో దాదాపు ఏ అడ్రస్ కొట్టినా 17031తో మొదలవుతుంది, 17 అంటే ఇల్లినాయ్, 031 అంటే కుక్ కౌంటీ. న్యూజెర్సీ ఎడిసన్‌లో అయితే 34023, అంటే మిడిల్‌సెక్స్ కౌంటీ. ఎఫ్ఎఫ్ఐఈసీ జియోకోడర్ (FFIEC, బ్యాంకు నియంత్రణ సంస్థల ఉమ్మడి మండలి వాళ్ల అడ్రస్ వెతికే సైటు) అని గూగుల్ చేసి అడ్రస్ కొడితే ఈ నంబర్ వచ్చేస్తుంది. దాన్ని తీసుకెళ్లి ట్రెజరీ శాఖ కింద ఉండే, వెనకబడ్డ పేటలకి పెట్టుబడి మళ్లించే సీడీఎఫ్ఐ ఫండ్ (CDFI Fund) మ్యాప్‌లో పెట్టి చూడండి.

చాలా రాష్ట్రాలు ఫెడరల్ చట్టంలోని కొలతనే వాడతాయి. ఆ ట్రాక్ట్‌లో పేదరికం కనీసం 20 శాతం ఉండాలి, లేదా అక్కడి కుటుంబాల మధ్యస్థ ఆదాయం చుట్టుపక్కల ప్రాంతపు మధ్యస్థ ఆదాయంలో 80 శాతం దాటకూడదు. రెండిట్లో ఒకటి ఉంటే చాలు. పేదరికం 30 శాతం దాటితేనో, ఆదాయం 60 శాతం లోపు ఉంటేనో, నిరుద్యోగం దేశ సగటుకి ఒకటిన్నర రెట్లు ఉంటేనో దాన్ని బాగా దెబ్బతిన్న ట్రాక్ట్ కింద లెక్కేస్తారు. డబ్బు ఇచ్చేవాళ్లు ముందు అలాంటివే వెతుకుతారు, కాబట్టి మీది ఆ కోవలోకి వస్తే దాన్ని మీ ప్రతిపాదనలో మొదటి పేజీలోనే పెట్టండి.

ఇక్కడ రెండు తిరకాసులు ఉన్నాయి. ఒకటి, ట్రాక్ట్ సరిహద్దు చాలాసార్లు రోడ్డు మధ్యలోంచి పోతుంది, కాబట్టి రోడ్డుకి ఇవతల ఉన్న మోటెల్ పనికొచ్చి ఎదురుగా ఉన్న మోటెల్ పనికిరాకపోవచ్చు. "ఆ ఏరియా అంతా పేదదే కదా" అని అనుకోకండి, నంబర్ చూడండి. రెండోది, డేటా మారుతూ ఉంటుంది. సీడీఎఫ్ఐ ఫండ్ 2016-2020 సర్వే లెక్కలకి మారింది, పాత లెక్కలతో వచ్చిన అర్హతకి 2024 ఆగస్టు చివరితో గడువు అయిపోయింది. నాలుగేళ్ల క్రితం మీ రియల్టర్ ఇచ్చిన ప్రింటవుట్ ఇప్పుడు చెల్లదు. కొత్తగా చూసి, స్క్రీన్‌ని తేదీతో సహా పీడీఎఫ్‌గా దాచుకోండి.

మూడో మెట్టు: మీ రాష్ట్రంలో ఏముందో చూడండి

అసలు మూలం ఫెడరల్ ప్రోగ్రాం. న్యూ మార్కెట్స్ టాక్స్ క్రెడిట్ అంటారు, 2000లో వచ్చింది, 2025 జులైలో శాశ్వతం చేశారు, ఏటా 500 కోట్ల డాలర్ల మేర పెట్టుబడికి అనుమతి. పెట్టిన డబ్బు మీద 39 శాతం క్రెడిట్, ఏడేళ్లలో: మొదటి మూడేళ్లు ఐదేసి, తర్వాత నాలుగేళ్లు ఆరేసి శాతం.

దాన్ని చూసి కొన్ని రాష్ట్రాలు తమ సొంతం పెట్టుకున్నాయి. ఇల్లినాయ్, ఒహాయో, ఫ్లోరిడా, కెంటకీ, మెయిన్ (Maine) చట్టాల్లో పెట్టింది అదే 39 శాతం, కానీ మొదటి రెండేళ్లు సున్నా, మూడో ఏడు 7, ఆ తర్వాత నాలుగేళ్లు ఎనిమిదేసి. మొదటి రెండేళ్లు సున్నా ఎందుకంటే రాష్ట్రాలకి ఆ బడ్జెట్‌లో లోటు కనపడకూడదు, బిల్లు పాస్ చేసినవాళ్లు పోయాక వచ్చేవాళ్లు చూసుకుంటారు! నెవాడా, ఆర్కన్సా ఇంకా ముందుకెళ్లి 58 శాతం ఇచ్చాయి. మిసిసిపీ పెట్టింది 24 శాతమే కానీ మూడేళ్లలో ఎనిమిదేసి చొప్పున ఇచ్చేసేలా పెట్టింది. ఇన్వెస్టర్ కంటికి మాత్రం త్వరగా చేతికొచ్చే ఈ 24 కూడా ముద్దే.

చట్టం ఉందంటే డబ్బు ఉందని కాదు. చాలా రాష్ట్రాల్లో ఒక మొత్తం కోటా పెడతారు, కిటికీ తెరిచిన రోజే అయిపోతుంది, మళ్లీ అసెంబ్లీ కొత్త కోటా ఇచ్చేదాకా ప్రోగ్రాం పేరుకే ఉంటుంది. అందుకని మీరు స్టేట్ ఆఫీసుని అడగాల్సిన ప్రశ్న "ఈ ప్రోగ్రాం ఉందా" అని కాదు, "చివరి కోటా ఎప్పుడిచ్చారు, ఎవరెవరికి ఇచ్చారు, అందులో ఇంకా పెట్టుబడిగా పెట్టనిది ఎంత ఉంది" అని. ఇల్లినాయ్‌లో కామర్స్ శాఖ, ఒహాయోలో డెవలప్‌మెంట్ శాఖ, మెయిన్‌లో ఫైనాన్స్ అథారిటీ చూస్తాయి. ఈమెయిల్ పెడితే జవాబిస్తారు, ఇది పబ్లిక్ సమాచారమే.

ఒహాయోలో ఇంకో పరిమితి ఉంది, ఏటా మొత్తం కోటి డాలర్ల క్రెడిట్, ఒక్క ప్రాజెక్టుకి పది లక్షలు మించకూడదు. చిన్న వ్యాపారానికి ఇది నిజానికి మంచిదే, ఒక పెద్ద చేప మొత్తం మింగేసే అవకాశం లేదు.

నాలుగో మెట్టు: మీ వ్యాపారం ఈ చట్రంలో పడుతుందా

అడ్రస్ పాసయినా వ్యాపారం ఫెయిలవ్వచ్చు. ఫెడరల్ రూల్ ప్రకారం మీ ఆదాయంలో కనీసం సగం ఆ పేటల్లో చేసే పని నుంచి రావాలి, ఆస్తిలో కనీసం 40 శాతం అక్కడే ఉండాలి, ఉద్యోగులు చేసే పనిలో కనీసం 40 శాతం అక్కడే జరగాలి. రాష్ట్రాలు చాలావరకు ఇదే తీసుకున్నాయి.

మనవాళ్ల వ్యాపారాలకి దీన్ని వర్తింపజేసి చూద్దాం.

ఐటీ కన్సల్టింగ్: ఆఫీసు పేద ట్రాక్ట్‌లో పెట్టొచ్చు, అద్దె కూడా తక్కువే. కానీ కన్సల్టెంట్లంతా క్లయింట్ల దగ్గరో, ఇళ్లలోనో కూర్చుని పనిచేస్తారు కాబట్టి 40 శాతం పని అక్కడ జరిగిందని చూపించడం కష్టం. దీని మీద టైం పెట్టకండి.

లిక్కర్ స్టోర్: కుదరదు. సీసా కొనుక్కుని బయటికి తీసుకెళ్లే మద్యం అమ్మకమే ప్రధాన వ్యాపారమైతే చట్టమే నేరుగా బయటపెట్టింది. గోల్ఫ్ కోర్సులు, మసాజ్ పార్లర్లు, జూదశాలలదీ అదే గతి. గ్యాస్ స్టేషన్‌లో పక్కన బీరు అమ్మడం వేరు సంగతి, ప్రధాన వ్యాపారం ఏంటన్నదే ప్రశ్న, అమ్మకాల లెక్క తీసి చూపించాలి.

అపార్ట్‌మెంట్లు: అద్దెలో 80 శాతం పైగా ఇళ్ల నుంచి వస్తే కుదరదు. దాని కోసం లో ఇన్‌కమ్ హౌసింగ్ క్రెడిట్ అని వేరే ప్రపంచం ఉంది.

మోటెల్: రోజువారీ గదులు కాబట్టి ఇళ్ల అద్దె కింద రాదు, ఫెడరల్ రూల్ వరకు అవకాశం ఉంది. అయితే నెలల తరబడి ఉండిపోయే కస్టమర్లు సగం దాటితే ఇబ్బంది, ఎక్స్‌టెండెడ్ స్టే వాళ్లు జాగ్రత్త.

క్లినిక్, డెంటల్ ఆఫీసు, డేకేర్, గ్రోసరీ, ఆహార తయారీ యూనిట్: ఇవి అందరికీ ఇష్టమైన కేసులు. ఉద్యోగాలు చూపించొచ్చు, పేటకి సేవ చూపించొచ్చు. ఒక మెడిక్‌ఎయిడ్ (పేదలకి ప్రభుత్వ వైద్య బీమా) పేషెంట్లని చూసే డెంటిస్ట్ ఫైలు, అదే సైజు రెస్టారెంట్ ఫైలు కంటే ఎప్పుడూ పైన ఉంటుంది, ఇది చేదు నిజం.

ఇంకోటి, మనవాళ్లు తరచుగా బిల్డింగ్‌ని ఒక ఎల్ఎల్‌సీలో, వ్యాపారాన్ని ఇంకో కంపెనీలో పెడతారు. చాలా రాష్ట్ర చట్టాల్లో ఆదాయంలో 15 శాతం అంతకు మించి రియల్ ఎస్టేట్ అద్దెల నుంచో అమ్మకాల నుంచో వస్తే ఆ కంపెనీ పనికిరాదు అని ఉంటుంది. కంగారు పడొద్దు, బిల్డింగ్‌లో ప్రధాన అద్దెదారు మీ సొంత వ్యాపారమే అయి, రెండూ ఒకే యాజమాన్యం కింద ఉంటే మినహాయింపు కూడా చాలాచోట్ల ఉంటుంది. మీ రాష్ట్ర చట్టంలో ఆ వాక్యం ఉందో లేదో లాయర్ చేత వేలు పెట్టి చూపించమనండి.

ఐదో మెట్టు: సీడీఈని పట్టుకోవడం

సీడీఈ అంటే కమ్యూనిటీ డెవలప్‌మెంట్ ఎంటిటీ. ఇన్వెస్టర్ డబ్బు తీసుకుని వ్యాపారాలకి అప్పుగా ఇచ్చే మధ్యవర్తి సంస్థ ఇదే. క్రెడిట్ కోటా వీళ్ల చేతిలో ఉంటుంది. ఫెడరల్ కోటా వచ్చినవాళ్ల జాబితా సీడీఎఫ్ఐ ఫండ్ ప్రచురిస్తుంది, ఎవరు ఏ రాష్ట్రాల్లో పనిచేస్తారో కూడా అందులో ఉంటుంది. స్టేట్ కోటా జాబితా స్టేట్ ఆఫీసు దగ్గర దొరుకుతుంది. ఈ రెండు జాబితాలూ కలిపి ఓ ఆరేడు పేర్లు తీయండి.

టైమింగ్ గురించి ఒక చిట్కా. ఇన్వెస్టర్ డబ్బు వేశాక, సీడీఈ దాంట్లో దాదాపు అంతా, మామూలుగా 85 శాతం, ఏడాదిలోపు వ్యాపారాల్లో పెట్టేయాలి, లేకపోతే క్రెడిట్ వెనక్కి పోతుంది. కాబట్టి స్టేట్ కొత్త కోటా ప్రకటించిన తర్వాత నెలల్లో సీడీఈలు తయారుగా ఉన్న ప్రాజెక్టుల కోసం వెతుకుతుంటాయి. ఆ సమయంలో ఫైలు సిద్ధంగా ఉన్నవాడికి పని అవుతుంది, "ఆలోచిస్తున్నాం అండీ" అనేవాడికి అవ్వదు.

ఫైల్లో ఉండాల్సినవి చెప్తా: మూడేళ్ల బిజినెస్ రిటర్న్స్, ఈ ఏడాది ఇప్పటిదాకా లాభనష్టాలు, ఉన్న అప్పుల పట్టిక, పార్టనర్లందరి పర్సనల్ ఫైనాన్షియల్ స్టేట్‌మెంట్, స్థలం మీద హక్కు చూపే కాగితం (కొనుగోలు ఒప్పందమో లీజో), కాంట్రాక్టర్ ఎస్టిమేట్, ఎన్ని ఉద్యోగాలు, గంటకి ఎంత జీతం, ట్రాక్ట్ పీడీఎఫ్. దానికి తోడు ఒకే ఒక పేజీ: ఈ డబ్బు లేకపోతే ఈ ప్రాజెక్టు ఎందుకు ఆగిపోతుందో, లేదా ఎంత కుదించుకోవాల్సి వస్తుందో. ఈ పేజీ చాలామంది గాలికి రాసేస్తారు. సీడీఈ అధికారి కమిటీ ముందు పెట్టేది ఈ పేజీనే, బ్యాంకు ఇచ్చిన తిరస్కరణ లెటర్ ఉంటే దాన్ని సిగ్గుపడకుండా జత చేయండి, ఇక్కడ అది బలమే.

ముందే పని మొదలుపెట్టేయకండి. ఇప్పటికే ఖర్చు పెట్టిన డబ్బుని ఈ అప్పుతో వెనక్కి రాబట్టుకోవడానికి పరిమితులుంటాయి, పాత బ్యాంకు అప్పు తీర్చడానికైతే అసలు ఎవరూ ఆసక్తి చూపించరు.

ఆరో మెట్టు: టర్మ్ షీట్ చదవడం

టర్మ్ షీట్ అంటే అప్పు షరతులు రాసిచ్చే కాగితం. ఇక్కడ కాస్త ఓపిగ్గా చదవండి. ఒక లెక్క వేద్దాం. ఊహించుకున్న ఉదాహరణే, క్లీవ్‌లాండ్‌లో ఒక డెంటల్ క్లినిక్ బిల్డింగ్ ప్రాజెక్టు, 25 లక్షల డాలర్లు. స్టేట్ క్రెడిట్ ఒక్కదాన్నే చూద్దాం.

39 శాతం అంటే 9,75,000 డాలర్ల క్రెడిట్. మొదటి రెండేళ్లు ఏమీ లేదు, మూడో ఏడు 1,75,000, ఆ తర్వాత నాలుగేళ్లు రెండేసి లక్షలు. ఇన్నేళ్లు ఆగి తీసుకునే డాలర్‌కి ఇవాళ ఎవరూ పూర్తి డాలర్ ఇవ్వరు. ఇన్వెస్టర్ 70 సెంట్లు ఇస్తాడనుకుందాం, అప్పుడు 6,82,500 వస్తుంది. మిగతా 18,17,500 మామూలు బ్యాంకు అప్పుగానో, మీ సొంత డబ్బుగానో వచ్చి ఇందులో కలుస్తుంది. రెండూ కలిపి 25 లక్షలు సీడీఈలోకి వెళ్లి, అక్కడి నుంచి మీకు రెండు నోట్లుగా, అంటే రెండు అప్పు పత్రాలుగా వస్తాయి, వాటిని ఏ (A), బీ (B) అంటారు. మొదటిది, "ఏ" నోటు, 18,17,500, ఇది నిజంగా తీర్చాల్సిన అప్పు. బీ నోటు 6,82,500, ఇందులోనే మీ లాభం ఉంది: ఏడేళ్లు వడ్డీ మాత్రమే, అదీ తక్కువ, ఏడేళ్ల తర్వాత ఇన్వెస్టర్ తన వాటాని నామమాత్రపు ధరకి మీ వాళ్లకి అమ్మేసి వెళ్లిపోతాడు, బీ నోటు దాదాపు మీకే మిగులుతుంది.

బాగుంది కదా. ఇప్పుడు ఫీజులు. సీడీఈ ముందుగా తీసుకునేది, ఏటేటా తీసుకునేది, మీ లాయర్, వాళ్ల లాయర్ (అవును, అదీ మీరే కట్టాలి), అకౌంటెంట్ తయారుచేసే మోడల్, ఆడిట్. అన్నీ కలిపి 1,80,000 అనుకుంటే 6,82,500లో మీ చేతిలో నిలిచేది 5,02,500. ఇది కూడా మంచి మొత్తమే, కాదనను. కానీ ప్రాజెక్టు సైజు తగ్గేకొద్దీ ఫీజులు అదే నిష్పత్తిలో తగ్గవు. ఫెడరల్ క్రెడిట్ డీల్స్ 50 లక్షల డాలర్ల లోపు ఉంటే గిట్టుబాటు కావడం కష్టమని ఈ రంగంలో అందరూ అనేదే. స్టేట్ మాత్రమే ఉన్న డీల్స్ ఇంకాస్త చిన్నవాటికి కూడా పనిచేస్తాయి.

అన్ని డీల్స్‌లోనూ బీ నోటు ఉండదు. చాలా రాష్ట్రాల్లో సీడీఈ మామూలు టర్మ్ లోన్ ఇచ్చి వడ్డీ మాత్రం తగ్గిస్తుంది. అప్పుడు మీకు మిగిలేది వడ్డీ తేడా మాత్రమే, ఎస్‌బీఏ (చిన్న వ్యాపారాలకి ఫెడరల్ హామీతో ఇచ్చే) లోన్ కొటేషన్ పక్కన పెట్టి పోల్చి చూడండి. పార్టీలో విన్న "39 శాతం" మనసులో పెట్టుకుని వెళ్తే ఇక్కడ నీరసం వస్తుంది.

ఒక్కరోజు అప్పుల గురించి కూడా చెప్పాలి. మెయిన్ రాష్ట్రంలో ఈస్ట్ మిలినాకెట్ అనే ఊళ్లో గ్రేట్ నార్తర్న్ పేపర్ మిల్లుకి 2012లో నాలుగు కోట్ల డాలర్ల పెట్టుబడి ఈ ప్రోగ్రాం కింద వచ్చినట్టు చూపించారు. రాష్ట్రం దాని మీద కోటీ అరవై లక్షల డాలర్ల దాకా క్రెడిట్లు ఇవ్వడానికి కట్టుబడింది. తర్వాత పత్రికల పరిశోధనలో తేలిందేంటంటే, ఆ డబ్బులో చాలా భాగం ఒక్కరోజు అప్పు, పొద్దున వచ్చి సాయంత్రానికి తిరిగి వెళ్లిపోయింది. మిల్లు 2014లో మూతపడి దివాలా తీసింది. క్రెడిట్లు మాత్రం ఇవ్వాల్సే వచ్చింది, చట్టం ప్రకారం అంతా సవ్యంగానే ఉందన్నారు. ఆ గొడవ తర్వాతే అక్కడ ఈ పద్ధతికి అడ్డుకట్ట వేశారు. మీ టర్మ్ షీట్‌లో ఎక్కడైనా డబ్బు ఒక ఖాతాలోకి వచ్చి అదే రోజు ఇంకో ఖాతాకి తిరిగి వెళ్లే ఏర్పాటు కనిపిస్తే, అది ఎందుకో, మీ రాష్ట్రంలో దానికి అనుమతి ఉందో రాతపూర్వకంగా అడగండి. జవాబు సూటిగా రాకపోతే సంతకం పెట్టకండి.

సంతకం ముందు చూడాల్సిన ఇంకో పేజీ ఇండెమ్నిటీ, అంటే నష్టం వస్తే ఎవరు భరించాలో చెప్పే పేజీ. రూల్ ఉల్లంఘన జరిగి స్టేట్ క్రెడిట్‌ని వెనక్కి లాక్కుంటే నష్టం ఇన్వెస్టర్‌కి, కానీ ఆ ఉల్లంఘన మీ వల్ల అయితే ఆ సొమ్ము మీ దగ్గర ముక్కుపిండి వసూలు చేస్తారు. దానికి పార్టనర్లు పర్సనల్ గ్యారంటీ ఇవ్వాలా, కంపెనీ గ్యారంటీ చాలా అన్నది బేరం ఆడాల్సిన విషయం. వడ్డీలో పావు శాతం తగ్గించమని గంటలు గంటలు వాదించి, ఈ పేజీని తిప్పేసి సంతకం పెట్టేవాళ్లే ఎక్కువ.

ఏడో మెట్టు: ఏడేళ్లు

క్లోజింగ్ (సంతకాలై డబ్బు చేతికి రావడం) అయ్యాక ఏడేళ్లపాటు వ్యాపారాన్ని ఆ ట్రాక్ట్‌లోంచి కదపకూడదు, అనుమతి లేకుండా అమ్మకూడదు, పార్టనర్లని మార్చకూడదు, ఏటా ఉద్యోగాల లెక్క, ఆర్థిక నివేదికలు పంపాలి. మధ్యలో ట్రాక్ట్ బాగుపడి ఆదాయం పెరిగిపోతే ఏమవుతుందని చాలామందికి టెన్షన్, పెట్టుబడి పెట్టిన రోజున ఉన్న అర్హతే మామూలుగా చూస్తారు, ఆ భయం అక్కర్లేదు. ముందే అప్పు తీర్చేయడానికి కూడా వీలుండదు, డబ్బుండి కూడా తీర్చలేకపోవడం మనవాళ్లకి భలే చిరాకు! పిల్లల చదువుకని మూడేళ్లలో వేరే ఊరు మారే ఆలోచన ఉన్నవాళ్లు ఈ దారిలోకి రాకండి.

ఏడో ఏడు చివర్లో బీ నోటు మాఫీ అయితే, ఆ మాఫీ అయిన మొత్తం మీకు ఆదాయంగా లెక్కకొచ్చే పరిస్థితి రావచ్చు. దీన్ని మొదటి రోజే సీపీఏతో మాట్లాడి, నిష్క్రమణ ఎలా ఉండాలో కాగితం మీద పెట్టించండి.

ఎనిమిదో మెట్టు: వ్యాపారం లేనివాళ్లకి, దాత కుర్చీ

ఇది చాలా సులువు, కానీ మనవాళ్లలో దీని గురించి తెలిసినవాళ్లు తక్కువ.

మసాచుసెట్స్‌లో కమ్యూనిటీ ఇన్వెస్ట్‌మెంట్ టాక్స్ క్రెడిట్ ఉంది, చట్టం 2012లో వచ్చింది. రాష్ట్రం గుర్తించిన కమ్యూనిటీ డెవలప్‌మెంట్ కార్పొరేషన్‌కి కనీసం వెయ్యి డాలర్లు విరాళమిస్తే సగం క్రెడిట్. పైగా రిఫండబుల్, అంటే మీరు కట్టాల్సిన స్టేట్ టాక్స్ తక్కువున్నా మిగతా డబ్బు చెక్కుగా వస్తుంది. హెచ్1బీ మీద జీతం తీసుకునే సాఫ్ట్‌వేర్ ఉద్యోగి కూడా ఇవ్వచ్చు. మేరీల్యాండ్‌లో ఇలాంటిదే, 500 డాలర్ల నుంచి మొదలు, 50 శాతం. మిస్సోరిలో 50 శాతం, కొన్ని చోట్ల 70. పెన్సిల్వేనియాలో నైబర్‌హుడ్ అసిస్టెన్స్ ప్రోగ్రాం వ్యాపారాలకి 55 శాతంతో మొదలై, ఆరేళ్లో అంతకంటే ఎక్కువో ఒకే పేటకి కట్టుబడి ఉంటే 80 దాకా వెళ్తుంది. న్యూజెర్సీలో ఏకంగా నూరు శాతం క్రెడిట్, ఒక వ్యాపారానికి ఏడాదికి పది లక్షల డాలర్ల వరకు, కానీ అది వ్యాపార సంస్థలకే, ఎడిసన్‌లో జీతగాళ్లు ఆశ పెట్టుకోవద్దు.

చేసే పద్ధతి ఇలా. ముందు స్టేట్ వెబ్‌సైట్‌లో ఆ ఏడాదికి గుర్తింపు ఉన్న సంస్థల జాబితా తీయండి. గుడికో, తెలుగు అసోసియేషన్‌కో ఇచ్చిన విరాళానికి ఈ క్రెడిట్ రాదు, జాబితాలో పేరు ఉండాలి. తర్వాత ఆ సంస్థకి ఫోన్ చేసి "మీ దగ్గర ఈ ఏడాది క్రెడిట్ ఇంకా మిగిలి ఉందా" అని అడగండి, ఎందుకంటే ఒక్కో సంస్థకి ఇంత అని కోటా ఉంటుంది, డిసెంబర్ చివరి వారంలో అడిగితే అయిపోయిందనే జవాబు ఎక్కువ. ఉందంటే మీ పేరు మీద ఆపమని ఈమెయిల్ పెట్టి, అప్పుడు డబ్బు పంపండి. ఆ తర్వాత రాష్ట్రం ఇచ్చే సర్టిఫికెట్ నంబర్ వచ్చేదాకా వెంటపడండి. మామూలు థాంక్యూ లెటర్‌తో క్రెడిట్ రాదు, రిటర్న్‌లో ఆ నంబరే వేయాలి. ఎస్ కార్ప్ (లాభం నేరుగా వాటాదారుల రిటర్న్‌లోకి వెళ్లే కంపెనీ) నుంచి ఇచ్చి ఉంటే, ఆ రాష్ట్రం క్రెడిట్‌ని వాటాదారులకి పంచనిస్తుందో లేదో ముందే చూసుకోండి, పంచనిస్తే అది కే-1లో (కంపెనీ వాటాదారుకి ఇచ్చే టాక్స్ ఫారం) రావాలి.

ఇక ఫెడరల్ లెక్క. 2019లో ఐఆర్‌ఎస్ ఖరారు చేసిన రూల్ ప్రకారం, విరాళానికి బదులు వచ్చే స్టేట్ క్రెడిట్ 15 శాతం దాటితే ఆ మేరకి ఫెడరల్ డిడక్షన్ తగ్గించుకోవాలి. బోస్టన్‌లో పది వేలు ఇచ్చారనుకోండి, ఐదు వేలు స్టేట్ క్రెడిట్, ఫెడరల్ రిటర్న్‌లో విరాళంగా చూపించుకునేది ఐదు వేలే. పది వేలూ చూపిస్తే అది తప్పు లెక్క, టాక్స్ సాఫ్ట్‌వేర్ దాన్ని పట్టుకోకపోవచ్చు, మీరే తగ్గించి వేయాలి. స్టాండర్డ్ డిడక్షన్ తీసుకునేవాళ్లకి, అంటే 2025లో భార్యాభర్తలు కలిసి ఫైల్ చేస్తే 31,500, ఐటమైజ్ చేసేదే (విరాళాల్లాంటివి విడివిడిగా చూపించేదే) లేదు కాబట్టి 2025 రిటర్న్ వరకు ఈ కోత వల్ల పోయేదేమీ లేదు. స్టేట్ క్రెడిట్ ఎలాగూ పూర్తిగా వాళ్లదే. ఫెడరల్‌లో చారిటీకి పెద్దగా ఏమీ కలిసిరావట్లేదని వాపోయే మధ్యతరగతి జీతగాళ్లకి అన్నిటికంటే బాగా పనికొచ్చేది ఇదే అంటాను.

రిఫండబుల్ కాని రాష్ట్రాల్లో ఈ ఏడాది టాక్స్ కంటే క్రెడిట్ ఎక్కువైతే మిగిలింది ముందుకి తీసుకెళ్లొచ్చు, పెన్సిల్వేనియా, మేరీల్యాండ్ రెండిట్లోనూ ఐదేళ్లు. ఆ ఐదేళ్లలో రాష్ట్రం మారిపోతే వాడుకోవడానికి పాత రాష్ట్రంలో మీకు టాక్స్ ఉండదు, కాబట్టి వచ్చే ఏడాది టెక్సాస్ మారే ప్లాన్ ఉన్నవాళ్లు ఈ ఏడాది కట్టబోయే స్టేట్ టాక్స్ ఎంతో చూసుకుని, దానికి సరిపడా క్రెడిట్ వచ్చేంత మాత్రమే ఇవ్వండి.